రిపోర్టులన్నీ బాగున్నాయి, ఒంట్లో ఓపిక మాత్రం లేదు: రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో అలసట గురించి

తెనాలి టీచరు:

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. నా వయసు 43 సంవత్సరాలు. 2018లో నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (శరీర రక్షణ వ్యవస్థే కీళ్ల మీద తిరగబడే జబ్బు) ఉన్నట్లు తేలింది. అప్పట్లో పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి, చెంబుతో నీళ్లు ముంచుకోవడానికి కూడా పిల్లల సాయం కావలసి వచ్చేది. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. జబ్బును అదుపులో ఉంచడానికి శనివారం రాత్రి మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్, డాక్టరు గారు చెప్పిన రోజుల్లో ఫోలిక్ ఆమ్లం వాడుతున్నాను. వాపులు దాదాపుగా పోయాయి. గత నెలలో చేయించిన రక్తపరీక్షల్లో, ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) ఎంత ఉందో తెలిపే ఈ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. రెండూ మామూలుగానే ఉన్నాయి.

ఇప్పుడు నన్ను బాధిస్తున్నది అలసట. ఎనిమిది గంటలు నిద్రపోయి లేచినా, రాత్రంతా జనరల్ బోగీలో నిలబడి ప్రయాణం చేసి దిగినట్టుగా ఉంటుంది. మొన్న గురువారం అయిదో పీరియడ్‌లో పదో తరగతి పిల్లలకు బోర్డు మీద గుండె బొమ్మ వేస్తున్నాను. కుడి జఠరిక దాకా గీసేసరికి చాక్‌పీసు చేతిలోంచి జారి కింద పడింది. వేళ్లలో నొప్పి లేదు, మోకాళ్లలో నొప్పి లేదు, అయినా వంగి దాన్ని తీసుకోవడం ఆ క్షణంలో నా వల్ల కాలేదు. బల్లకు ఆనుకుని అలాగే నిలబడిపోయాను. మొదటి బెంచీలో కూర్చున్న అమ్మాయి లేచి వచ్చి, చాక్‌పీసు తీసి నా అరచేతిలో పెట్టి, ఏమీ అడగకుండా వెళ్లి కూర్చుంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి బెండకాయలు తరుగుతూ తరుగుతూ, చాకు చేతిలో ఉండగానే గోడకు చేరగిలబడి నిద్రపోయాను.

మా ఇంట్లో వాళ్లు నన్ను బాగానే చూసుకుంటారు. వేళ్లు వాచి ఉన్న రోజుల్లో మావారు బట్టలు పిండి ఆరేసేవారు. ఇప్పుడు కంటికి కనిపించే వాపు లేదు కాబట్టి, రిపోర్టు చూసి, "అన్నీ నార్మల్ అనే రాశారు కదా" అంటారు. అత్తయ్యగారు, "ఈ వయసులోనే చతికిలబడితే ఎలాగమ్మా" అంటారు. ఒక్కోసారి వాళ్లన్నదే నిజమేమో, ఇది నా బద్ధకమేమో అని నాకే అనుమానం వస్తోంది.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి రెండు విషయాలు. జబ్బు అదుపులో ఉన్నట్టు పరీక్షలు చెబుతున్నప్పుడు ఈ అలసట ఎక్కడి నుంచి వస్తోంది? డాక్టరు గారి దగ్గర ఉండే ఆ కొద్ది నిమిషాల్లో, ఆయన కీళ్లు నొక్కి చూసి "చాలా బాగుందమ్మా" అన్న తర్వాత, ఈ విషయం ఎలా చెబితే ఆయన పట్టించుకుంటారు?

విశాఖ విశ్రాంత ఉద్యోగిని:

చెల్లెమ్మా, ఇది నీ బద్ధకం కాదు. ముందు ఆ మాట మనసులోంచి తీసేయి. నాకు ఈ జబ్బు వచ్చి 22 ఏళ్లయింది. అందులో 16 ఏళ్లు బ్యాంకు కౌంటరులో పనిచేస్తూ గడిపాను. నొప్పికి మందు వేసుకుని పని చేయగలిగిన రోజులు ఎన్నో ఉన్నాయి కానీ, ఈ నిస్సత్తువ కమ్మిన రోజు మాత్రం ఏ మందూ పనిచేసేది కాదు.

మనం వాడే మాటలోనే ఒక చిక్కు ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మనం "ఓపిక లేదు" అంటాము. ఒంట్లో బలం లేదని మన ఉద్దేశం. ఓపిక అంటే సహనం కూడా కాబట్టి, వినేవాళ్లకు అది "నాకు చేయాలని లేదు" అన్నట్టుగా వినిపిస్తుంది. "అలసిపోయాను" అంటే "ఏం పని చేశావని" అంటారు. "బడలికగా ఉంది" అంటే, ప్రయాణపు బడలికలా ఒక పూట పడుకుంటే పోతుందనుకుంటారు. అందుకని నేను ఆ మాటలన్నీ మానేసి, జరిగినదాన్ని జరిగినట్టు చెప్పడం మొదలుపెట్టాను. "ఈ రోజు స్నానం చేసి వచ్చాక జడ వేసుకోవడానికి చేతులు లేవలేదు, పావుగంట మంచం మీద కూర్చోవలసి వచ్చింది" అని చెబితే మా వారికి అర్థమైంది. నువ్వు ఇక్కడ రాసిన చాక్‌పీసు సంగతిని డాక్టరు గారికి యథాతథంగా చెప్పు. "నీరసంగా ఉందండీ" అని చెబితే ఆయనకు అది రోజుకు నలభై మంది చెప్పే మాట.

చెప్పడంతో పాటు రాసి చూపించు. నేను గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్‌లోనే ప్రతి సాయంత్రం తిథి పక్కన ఒక అంకె వేసేదాన్ని. అలసట ఏమీ లేకపోతే సున్నా, మంచం దిగలేకపోతే పది. దాని కింద ఆ రోజు చేసిన పెద్ద పని, రాత్రి నిద్ర ఎలా పట్టింది, రెండు ముక్కల్లో రాసేదాన్ని. రెండు నెలలయ్యాక చూస్తే ఒక సంగతి బయటపడింది. ఒంట్లో బాగున్న రోజున నేను ఇల్లంతా మీద వేసుకునేదాన్ని. ఒక శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు కాస్త తేలికగా ఉందని, అటకల దగ్గర నుంచి ఇత్తడి సామాను దాకా అన్నీ దించి తోమేశాను. వ్రతం నాడు పీట మీద కూర్చోలేక గోడకు ఆనుకుని కథ విన్నాను. ఆ తర్వాతి నాలుగు గళ్లలోనూ తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది అని అంకెలు ఉన్నాయి. బాగున్న రోజున తగ్గించుకుంటే బాగాలేని రోజులు తగ్గుతాయని ఆ క్యాలెండర్ చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

అప్పటి నుంచి సామాను తోమడం వారానికి ఒక అలమార అర చొప్పున పెట్టుకున్నాను. పొయ్యి దగ్గర ఎత్తు స్టూలు వేసుకుని కూర్చుని వండుతాను. అయిదు లీటర్ల కుక్కరు ఎత్తడం మానేసి చిన్నవి రెండు పెడతాను. మా అత్తగారి తద్దినం నాడు స్టూలు మీద కూర్చుని వండడం నాకు మొదట్లో తప్పుగా తోచింది. ఆవిడ ఉంటే కూర్చోమనే చెప్పి ఉండేదని తర్వాత అనుకున్నాను.

రుమటాలజీ డాక్టరు:

టీచరు గారికి నమస్కారం. నేను హైదరాబాదులో రుమటాలజీ (కీళ్లజబ్బుల వైద్యం) విభాగంలో పనిచేస్తున్నాను. మిమ్మల్ని చూడకుండా మందులు చెప్పలేను కాని, మీరు అడిగిన మొదటి ప్రశ్నకు కొంత వివరంగా జవాబు రాస్తాను. అది వేసుకోదగిన ప్రశ్నే.

మేము జబ్బు తీవ్రతను లెక్కించడానికి ఎక్కువగా వాడే డాస్ 28 అనే కొలతలో 28 కీళ్ల నొప్పి, వాపు, రక్తంలో ఈ.ఎస్.ఆర్. లేదా సి.ఆర్.పి., మొత్తం మీద తనకు ఎలా ఉందని రోగి వేసుకునే ఒక అంచనా ఉంటాయి. అలసటకు అందులో ప్రత్యేకంగా చోటు లేదు. అందువల్ల కొలత బాగా వచ్చిందంటే కీళ్లు బాగున్నాయని అర్థం. మనిషి తేరుకున్నారని దాని అర్థం కాదు. ఈ లోపాన్ని రోగులే ఎత్తిచూపిన తర్వాత, రుమటాయిడ్ ఆర్థరైటిస్ మీద జరిగే పరిశోధనలన్నింటిలో అలసటను కూడా కొలవాలని 2006లో ఓమెరాక్ట్ అనే అంతర్జాతీయ బృందం నిర్ణయించింది. 2023లో ఐరోపా రుమటాలజీ సంఘాల కూటమి యూలార్, మామూలు చికిత్సలో కూడా డాక్టర్లు అలసట గురించి క్రమం తప్పకుండా అడగాలని సిఫారసు చేసింది. కాబట్టి మీ డాక్టరు గారి ముందు ఈ మాట ఎత్తడానికి మీరు సంకోచించనవసరం లేదు.

ఇక కారణాలు. కీలు పొరలో మంట రేగినప్పుడు టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్ 6 వంటి రసాయన సంకేతాలు వెలువడతాయి. ఇవి కీళ్ల దగ్గరే ఆగిపోకుండా మెదడు మీద కూడా పనిచేస్తాయి. విషజ్వరం వచ్చినప్పుడు అన్నం సయించకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం, దుప్పటి కప్పుకుని పడుకోవాలనిపించడం, ఇవన్నీ ఆ సంకేతాల వల్ల కలిగేవే. 2006 ప్రాంతంలో ఆంధ్రదేశమంతటా చికున్‌గున్యా ప్రబలినప్పుడు జ్వరం తగ్గిన తర్వాత కూడా వారాల తరబడి నిస్సత్తువతో ఉన్నవారు ఈ మాటను తేలికగా అర్థం చేసుకుంటారు. ఈ సంకేతాలకూ మెదడుకూ ఉన్న సంబంధం ఊహ కాదు. టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే మందు ఇచ్చిన 24 గంటల్లోనే, కీళ్ల వాపు తగ్గకముందే, మెదడులో నొప్పికి స్పందించే భాగాల చురుకు తగ్గినట్లు జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు 2011లో ప్రకటించారు.

అయితే మీ విషయంలో సి.ఆర్.పి. మామూలుగా ఉంది, వాపులు లేవు. అటువంటప్పుడు మేము మిగతా కారణాలను ఒక్కొక్కటిగా వెదుకుతాము. అన్నిటికన్నా ముందు చూడవలసింది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కీళ్లజబ్బు ఉన్నవారిలో దీనికి ఇంకో మెలిక ఉంది. మంట ఎక్కువ కాలం కొనసాగితే కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది, అది శరీరంలో ఉన్న ఇనుమును వాడకానికి అందకుండా బంధిస్తుంది. ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ కూడా మంట ఉన్నప్పుడు పైకి లేస్తుంది. అందువల్ల మంట ఉన్న మనిషిలో ఫెరిటిన్ అంకె పైకి బాగానే కనిపించినా లోపల ఇనుము తక్కువగా ఉండవచ్చు. హిమోగ్లోబిన్ ఒక్కటే కాకుండా ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండి ఉందో తెలిపే పరీక్ష) కలిపి చూడమని మీ డాక్టరు గారిని అడగండి. నొప్పి మాత్రలు తరచుగా వాడేవారిలో కడుపులో పుండు పడి, తెలియకుండానే కొద్దికొద్దిగా రక్తం పోతూ ఉంటుంది. మీ వయసులో నెలసరి రక్తస్రావం ఎక్కువగా ఉండడం కూడా ఒక కారణం కావచ్చు.

థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే సొంత శరీరం మీదే రక్షణ వ్యవస్థ తిరగబడే జబ్బు ఒకటి ఉన్నవారిలో థైరాయిడ్‌కు కూడా అటువంటి జబ్బు రావడం మిగతావారికన్నా ఎక్కువ. బి12, విటమిన్ డి, చక్కెర, మూత్రపిండాలు, కాలేయం కూడా చూస్తాము. మీరు వేసుకునే ఇతర మాత్రల చీటీ కూడా తీసుకువెళ్లండి. జలుబు, దురద మాత్రలు, నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ వంటివి పగటిపూట మత్తు కలిగిస్తాయి. స్టెరాయిడ్ మాత్ర వాడేవారు దాన్ని ఉదయం టిఫిను తర్వాత వేసుకోకుండా రాత్రి వేసుకుంటే నిద్ర చెడుతుంది. చాలా కాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ను మాత్రం ఎవరూ ఉన్నట్టుండి ఆపకూడదు, అది ప్రాణాపాయం.

మరొక సంగతి రాయాలి, దీన్ని మా దగ్గరికి వచ్చేవారు చాలామంది అవమానంగా భావిస్తారు. దిగులు జబ్బు (డిప్రెషన్) రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది, అది అలసటను రెట్టింపు చేస్తుంది. ఇదంతా మీ మనసులో ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు. నొప్పి నిద్రను చెడగొడుతుంది, నిద్రలేమి నొప్పిని పెంచుతుంది, రెండూ కలిసి మనసును కుంగదీస్తాయి, కుంగిన మనిషి కదలడం మానేస్తారు, కదలకపోతే కండ తగ్గిపోతుంది, కండ తగ్గితే చిన్న పనికే ఆయాసం వస్తుంది. ఈ గొలుసులో ఎక్కడ పట్టుకుని లాగినా మిగతాది కొంత వదులవుతుంది. మందులు మార్చడం వల్ల కూడా, జబ్బు నిజంగా అదుపులో లేనప్పుడు, అలసట కొంత తగ్గుతుంది. జబ్బు అదుపులోనే ఉన్నప్పుడు కేవలం అలసట కోసం ఖరీదైన ఇంజెక్షన్లకు మారడం వల్ల ఆశించినంత లాభం ఉండదని నా అభిప్రాయం.

తెనాలి టీచరు:

అక్కగారికి, డాక్టరు గారికి కృతజ్ఞతలు. నాకు నెలసరి రెండేళ్లుగా ఎక్కువగానే అవుతోంది. దాన్ని ఈ అలసటతో కలిపి నేను ఎన్నడూ ఆలోచించలేదు, కీళ్ల డాక్టరు గారికి చెప్పనూ లేదు. ఇంకొక సందేహం. నడవమని అందరూ అంటారు. బడి నుంచి వచ్చి కుర్చీలో కూలబడే మనిషిని, ఉన్న కాస్త శక్తినీ నడకకు ఖర్చుచేస్తే వంట ఎవరు చేస్తారు?

గోదావరి ఫిజియో:

టీచరు గారూ, మాది రాజమహేంద్రవరం. పన్నెండేళ్లుగా ఇంగ్లండులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మీ సందేహం ఇక్కడి రోగులు కూడా మొదటి రోజే అడుగుతారు, అడగడం న్యాయమే. అలసినవారిని కదలమనడం వినడానికి నిర్దయగా ఉంటుంది.

ఇక్కడ ఈ విషయం మీద జరిగిన రెండు పరిశోధనల గురించి చెబుతాను, ఎందుకంటే రెండింటిలోనూ కొత్త మందు ఏదీ లేదు. 2019లో వెలువడిన రాఫ్ట్ పరిశోధనలో ఏడు ఆస్పత్రుల నుంచి 333 మంది పాల్గొన్నారు. రుమటాలజీ నర్సులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనులు సులువుగా చేసుకోవడం నేర్పేవారు) రోగులను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, పనిని, విశ్రాంతిని, నిద్రను, ఆలోచనలను ఎలా సర్దుకోవాలో ఏడు విడతలుగా నేర్పారు. అలసట పెట్టే ఇబ్బంది కొంత తగ్గింది, ఆ తగ్గుదల రెండేళ్ల దాకా నిలిచింది. 2022లో వెలువడిన లిఫ్ట్ పరిశోధనలో ఇదే విధమైన శిక్షణను ఒక బృందానికి, ఎవరి శక్తికి తగిన వ్యాయామాన్ని వారికి మరొక బృందానికి, ఫోను ద్వారా అందించారు. మామూలు చికిత్స మాత్రమే పొందినవారితో పోలిస్తే రెండు బృందాల్లోనూ అలసట తగ్గింది. ఈ మేలు కొండంత అని నేను అనను. వంటగదిలో నిద్రపోయే మనిషి వంట ముగించి నిద్రపోగలిగితే అది చిన్న మేలేమీ కాదు.

నడక విషయంలో నేను చెప్పేది ఇది. ఒక వారం పాటు మీరు బాగా అలసిన రోజున కూడా ఇబ్బంది లేకుండా ఎంతసేపు నడవగలరో చూసుకోండి. అది ఆరు నిమిషాలే కావచ్చు. ఆ ఆరు నిమిషాలే మీ లెక్క. ఒంట్లో బాగున్న రోజున కూడా ఆరే, బాగాలేని రోజున కూడా ఆరే. రెండో వారం ఒక నిమిషం, మూడో వారం ఇంకో నిమిషం పెంచండి. బాగున్న రోజున అరగంట నడిచి, మర్నాడు మంచం పట్టి, ఇక నడకే పడదని మానేసేవారిని నేను లెక్కలేనంత మందిని చూశాను. విశాఖ అక్కగారి ఇత్తడి సామాను కథ కూడా ఇదే.

నడిచిన తర్వాత నొప్పి రెండు గంటలకు మించి పెరిగే ఉంటే మర్నాడు తగ్గించుకోవాలి. ఏదైనా కీలు వేడిగా వాచి ఉంటే ఆ కీలుకు విశ్రాంతి ఇవ్వాలి. తెల్లవారుజామున నడవడమే ఆరోగ్యమని మన దగ్గర ఒక నమ్మకం ఉంది, కాని ఈ జబ్బు ఉన్నవారికి ఆ వేళ కీళ్లు బిగుసుకుని ఉంటాయి. మీకు సాయంత్రం ఎండ తగ్గాకే నయం. వంట ముందా నడక ముందా అని అడిగారు కాబట్టి చెబుతున్నాను: బడి నుంచి రాగానే ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని పడుకోండి, అలారం పెట్టుకోండి, అరగంట దాటితే రాత్రి నిద్ర చెడుతుంది. లేచి ఆ ఆరు నిమిషాలు నడిచి, ఆ తర్వాత వంట మొదలుపెట్టండి.

నడకతో పాటు కండ కోసం కూడా ఏదో ఒకటి కావాలి. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతి ఊతం లేకుండా లేచి కూర్చోవడం అయిదుసార్లు చేస్తే చాలు. వేళ్ల కీళ్ల మీద భారం పడకుండా తొడ కండరాలకు పని దొరుకుతుంది. పాఠశాలలో బోర్డు మీద రాయవలసిన బొమ్మలను చార్టు మీద ముందే వేయించి పెట్టుకోండి, పిల్లలు సంతోషంగా వేస్తారు. మీ తరగతులన్నీ వరుసగా కాకుండా మధ్యలో ఒక ఖాళీ పీరియడ్ వచ్చేలా టైంటేబుల్ సర్దమని ప్రధానోపాధ్యాయుల వారిని అడగడంలో తప్పు లేదు.

కరీంనగర్ దుకాణదారు:

నేను మగవాణ్ని, 38 ఏళ్లు, హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్నాను. ఈ జబ్బు ఆడవారికే వస్తుందని మా చుట్టాలంతా అనుకుంటారు కాబట్టి, నేను దుకాణంలో సిమెంటు బస్తాల మీద కూర్చుంటే అందరికీ వింతగా ఉంటుంది. టీచరు గారు చేయకూడని పని ఒకటి నేను చేశాను, దాన్ని చెప్పడానికే రాస్తున్నాను.

మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడు నాకు తల దిమ్ముగా, కాళ్లు ఈడ్చినట్టుగా ఉండేది. మందే నన్ను అలసగొడుతోందని నమ్మి, ఎవరికీ చెప్పకుండా మానేశాను. మొదటి మూడు వారాలు హాయిగా అనిపించింది. అదే సమయంలో తెలిసినవారు ఒకరు పేరు లేని పొడి పొట్లాలు తెచ్చి ఇచ్చారు. రెండు రోజుల్లో ఆకలి పెరిగి, ఒళ్లు తేలికై, నేను బస్తాలు ఎత్తాను. రెండు నెలలకు మొహం ఉబ్బింది, చక్కెర పెరిగింది. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుందని పరీక్షించిన డాక్టరు అన్నారు. దాన్ని నెమ్మదిగా తగ్గించి ఆపించారు. ఈలోగా జబ్బు తిరగబెట్టి కుడి మణికట్టు వంగకుండా పోయింది. ఇప్పుడు ఆ చేత్తో షట్టరు పైకెత్తలేను, తమ్ముడు వచ్చి ఎత్తుతాడు.

మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలుపెట్టినప్పుడు మర్నాటి దిమ్ము గురించి చెప్పాను. మాత్రల బదులు చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్‌కు మార్చి, ఫోలిక్ ఆమ్లం సరిచేశారు. దిమ్ము పూర్తిగా పోలేదు, సగం తగ్గింది. దుకాణానికి సెలవు రోజుకు ముందు రాత్రి వేసుకుంటాను. ముందే నోరు తెరిచి అడిగి ఉంటే నా మణికట్టు నిలిచేదని ఇప్పటికీ బాధపడుతున్నాను.

రుమటాలజీ డాక్టరు:

కరీంనగర్ సోదరుడు రాసినదానికి ఒక్క మాట చేరుస్తాను. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజున వేసుకోవాలో ఇంట్లో గోడ మీద రాసి పెట్టండి. ఆ మందు వాడుతుండగా అలసటతో పాటు జ్వరం, నోట్లో పుళ్లు, పొడి దగ్గు, ఆయాసం కనిపిస్తే తర్వాతి డోసు వేసుకోకుండా వెంటనే డాక్టరును కలవాలి. అలసట కొత్తగా వచ్చి, బరువు తగ్గుతూ, సాయంత్రాలు జ్వరం వస్తుంటే క్షయ కోసం కూడా చూడాలి.

తెనాలి టీచరు:

పది వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. అక్కగారు చెప్పినట్టు నలభై రోజుల క్యాలెండర్ తీసుకుని వెళ్లాను. డాక్టరు గారు కీళ్లు నొక్కి చూసి "బాగుంది" అన్నాక, మాట్లాడకుండా క్యాలెండర్ బల్ల మీద పెట్టాను. ఆయన పేజీలు తిప్పి చూసి, కుర్చీ ముందుకు లాక్కుని, చాక్‌పీసు సంగతి మొత్తం విన్నారు.

హిమోగ్లోబిన్ 9.8, ఫెరిటిన్ 8 వచ్చాయి, రెండూ తక్కువే. థైరాయిడ్ బాగానే ఉంది. ఇనుము మాత్రలు రాశారు. భోజనంతో పాటు కాఫీ, టీ తాగవద్దని, మాత్రను నిమ్మరసంతో వేసుకోవచ్చని చెప్పారు. రక్తస్రావం గురించి స్త్రీల వైద్య నిపుణురాలి దగ్గరికి పంపారు, గర్భాశయంలో చిన్న గడ్డ ఉందని స్కానింగులో తేలింది, దానికి వైద్యం మొదలైంది. మెథోట్రెక్సేట్ మార్చలేదు.

అలసట పూర్తిగా పోలేదు. క్యాలెండర్‌లో మొదటి రెండు వారాల అంకెలు ఎక్కువగా ఏడు, ఎనిమిది ఉండేవి. గత రెండు వారాల్లో నాలుగు, అయిదు ఉన్నాయి. మధ్యలో దసరా సెలవుల్లో ఒక తొమ్మిది ఉంది, ఆ రోజు ఏం చేశానో అక్కగారు ఊహించగలరు. నడక పద్నాలుగు నిమిషాలకు వచ్చింది. మావారు మొదట తోడుగా వచ్చేవారు, ఇప్పుడు నేను నడిచి వచ్చేసరికి బియ్యం కడిగి పెడుతున్నారు. అత్తయ్యగారు అంకెలను నమ్మరు కాని, రక్తం తక్కువగా ఉందన్న మాట నమ్మారు. రోజూ ఒక బెల్లం, నువ్వుల ఉండ నా డబ్బాలో పెట్టి పంపుతున్నారు.

గుండె బొమ్మ చార్టును ఆ మొదటి బెంచీ అమ్మాయే వేసింది. ఎడమ జఠరిక గోడ కుడిదానికన్నా మందంగా ఉండాలని నేను చెప్పకముందే సరిగ్గా వేసింది. జనవరిలో ఫెరిటిన్ మళ్లీ చేయించాలి, ఫలితం వచ్చాక ఇక్కడ రాస్తాను.